నాలుగో పేరు

పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా మనసులో ఉన్నది చీటీల మీద రాయండి అని చెప్పి ఇంతిసార్ బోర్డు పక్కన నిలబడింది. ఎనిమిదిమందీ తలలు వంచారు. కలాల గరగర, కింద అమ్మాన్ ఏడో సర్కిల్ కూడలి దగ్గర ఒకదాన్నొకటి తిట్టుకుంటున్న కార్ల హారన్లు, అంతే. గడియారం మూడున్నర చూపిస్తోంది. నాలుగింటిలోపు ఆమె ఫోన్లోంచి కంపెనీ పెద్ద ఉస్తాద్ వాయిల్‌కి నాలుగు పేర్లు వెళ్ళాలి, ఈ ఎనిమిదిమందిలో ఉద్యోగంలో మిగలబోయే నలుగురి పేర్లు. మూడు రాసేసింది. నాలుగోది రాయలేదు. రాయాల్సిన చోట కర్సర్ నిలువుగీత మినుకు మినుకుమంటూ ఉండి ఉంటుంది, ఫోన్ కోటు జేబులో బోర్లా ఉన్నా సరే, అది మినుకుమంటున్నట్టు ఆమెకు పక్కటెముకల మీద తెలుస్తోంది. రెండు వారాలకొకసారి గురువారం మధ్యాహ్నం ఇలాగే కూర్చుంటారు. ఈ రెండు వారాల్లో ఏది బాగా జరిగింది, ఏది చెడింది, వచ్చే రెండు వారాల్లో ఏం మార్చుకుందాం. మూడు రంగుల చీటీలు. దీన్ని రెట్రో అంటారు. ఇక్కడ ఎవరినీ తప్పుపట్టం, ఇక్కడి మాట గది దాటదు అని ప్రతిసారీ మొదట్లో ఆమే చెప్పాలి, ఇవాళా చెప్పింది, గొంతు కూడా వణకలేదు. వణకనందుకే ఆమెకు భయం వేసింది. గదిలోని మాట బయటికి పోదు, సరే, మరి బయట ఉన్న మాట గదిలోకి రావద్దా? ఆ రూలు ఎవరూ ఎందుకు రాయలేదు?

అమ్మాన్ పక్కనున్న జర్కాలో ఆమె తండ్రి రొట్టెల బట్టీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి ఇంతిసారే. ఆ పట్టా పక్కనే రెండో చట్రంలో, ఆకుపచ్చ అంచున్న ఇంకో కాగితం వేలాడుతుంది, రెండు రోజుల క్లాసు తర్వాత హోటల్ హాల్లో ఇచ్చింది, స్క్రమ్ మాస్టర్ అని ఉంటుంది దాని మీద. తండ్రికి ఆ అక్షరాలు చదవడం రాదు గానీ వచ్చినవాళ్ళందరికీ అదే ముందు చూపిస్తాడు. ఏం చేస్తావమ్మా నువ్వు ఆఫీసులో అని అడిగాడొకసారి, టీలో మరమియ్యా ఆకు ముంచుతూ. ఎలా చెప్పాలో తెలియక ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. పొద్దున్నే అందరం నిలబడతాం నాన్నా, కూర్చోకూడదు, కూర్చుంటే మాటలు పెరుగుతాయి, నేను ఒక్కొక్కళ్ళనీ మూడే అడుగుతాను, నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీ పనికి అడ్డం ఏమైనా ఉందా అని. తండ్రి ఆకు తీసి పక్కన పెట్టాడు. అడ్డం ఉందంటే ఏం చేస్తావు? తీసేస్తాను నాన్నా, అదే నా పని. "ఓహో, మన వీధి పెద్ద, ముఖ్తార్ పని అన్నమాట!" అని ఆయన తొడ చరుచుకున్నాడు. "నలుగురి దారిలో రాయి తీసే పని. మంచి పనమ్మా. నీ చెయ్యి మంచిది." ఆ మర్నాడు బట్టీలో అందరికీ చెప్పాడట, మా అమ్మాయి అమ్మాన్‌లో రాళ్ళు తీస్తుందని, అంత చదువు చదివించింది రాళ్ళు మోయడానికా అని వాళ్ళు వెక్కిరించారట. నిన్న పొద్దున, ఇవాళ పొద్దున, ఆమె అందరి మధ్యా నిలబడి ఆ మూడోది అడిగింది. అడ్డం ఏమైనా ఉందా? లేదు. లేదు. లేదక్కా. అల్‌హందులిల్లాహ్, ఏమీ లేదు. చివర తన వంతు వచ్చింది. ఏమీ లేదు అంది తను కూడా.

ముథన్నా తల ఎత్తి కిటికీలోంచి చూస్తున్నాడు, రాయడానికి ఏమీ తోచనప్పుడు వాడలాగే చూస్తాడు, ఇంకాసేపట్లో ఏదో ఒక వెర్రిమాట అని అందరినీ నవ్విస్తాడు. మూడు పేర్లలో మొదటిది వాడిదే. ఈ పని చేయించుకుంటున్న కువైట్ వాళ్ళ ఆసుపత్రుల కంప్యూటర్లతో ఈ జట్టు కడుతున్న యాప్ మాట్లాడాలంటే ఆ సంగతులన్నీ వాడి తలలోనే ఉన్నాయి, వాణ్ణి తీస్తే మొత్తం ఆగిపోతుంది. వాడి పేరు రాయడానికి ఆలోచన అక్కర్లేకపోయింది. కానీ మొదటగా అంకె పెంచుదామన్నదీ వాడే కదా. కాదు, అన్నది తను, వాడు దాన్ని పెద్దది చేశాడు, అంతే, తన తప్పు వాడి నెత్తిన వెయ్యకూడదు. నిరుడు చలికాలం, పని మొదలుపెట్టిన నెల. ప్రతి పనినీ ముందు కొలవాలి, గంటల్లో కాదు, అది ఎంత పెద్దదో, దాని బరువెంతో. బల్ల మీద అందరికీ పేకముక్కల్లాంటి కార్డులు. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది, పదమూడు. ఎవరికి తోచిన అంకె వాళ్ళు బోర్లా పెట్టి, ఒకటి రెండు మూడు అనగానే అందరూ ఒకేసారి తిప్పాలి, ఒకరిని చూసి ఒకరు మార్చుకోకుండా. ఆమెకు ఆ పద్ధతంటే ప్రాణం. క్లాసులో మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది, పెద్దవాడు ముందు, చిన్నవాడు వెనక అని లేదు, అందరూ ఒక్క క్షణంలో నిజం చెప్పేస్తారు, ఇంతకంటే న్యాయం ఎక్కడుంటుంది అనుకుంది. మొదటి రెండు వారాల స్ప్రింట్‌లో కార్డుల అంకెలన్నీ కూడితే ఇరవై నాలుగు పాయింట్ల పని పూర్తయింది. గోడ మీద గ్రాఫు గీత గీసింది, కువైట్‌కీ పంపింది. అక్కడ ఈ పని చూసుకునే ఇంజినీర్ బదర్ ఆ గీత చూసి, బాగుంది, వచ్చేసారి ఇంకా పైకి పోవాలి అన్నాడు.

పాయింట్లంటే అలా పెంచేవి కావండీ, అవి మా లోపలి కొలత, మాకు మేం ఎంత పని ఎత్తగలమో తెలియడానికి అని ఆమె ఉస్తాద్ వాయిల్ గదికి వెళ్ళి చెప్పింది, క్లాసులో ఇచ్చిన పుస్తకం కూడా పట్టుకెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాడు, కాఫీ పోయించి ఓపిగ్గా విన్నాడు. "నీ సర్టిఫికెట్ చెప్పేది నిజమే ఇంతిసార్. కానీ వాళ్ళు గీత పైకి పోవాలంటున్నారు. పోనీ. గీతే కదా, నీ చేతిలోదేగా." ఆ తర్వాతి ఆదివారం కొలతలప్పుడు ఒక చిన్న పని వచ్చింది, రోగి వివరాలు రాసే చోట ఇంకో గడి చేర్చడం. అందరూ రెండు చూపించారు. ఆమె నవ్వుతూనే అంది, తనకు బాగా గుర్తు, చేతిలో నువ్వులు చల్లిన కాక్ రొట్టె ముక్క కూడా ఉంది, దీన్ని మూడు అనుకుందామా, కువైట్ వాళ్ళ మనసు సంతోషపడుతుంది అని. అప్పుడు ముథన్నా లేచి నిలబడి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "సిగ్గులేదా అక్కా? అంత దూరం నుంచి వచ్చిన మనిషికి మూడు పెడతామా? విందులో మన్సఫ్ పళ్ళెంలో ఎవరికైనా సరిపోయేంతే వడ్డించామా ఎప్పుడైనా? ఐదు వెయ్యి, ఐదు! పైన బాదంపప్పులు కూడా చల్లు!" అందరూ పడిపడి నవ్వారు. ఆమె ఐదు రాసింది. ఎంత తేలిగ్గా ఉండింది ఆ కలం. ఎవరికీ ఏ నష్టం కనబడలేదు, పని అదే, మనుషులు వాళ్ళే, కాస్త చెయ్యి జారినట్టు వడ్డించారు, చెయ్యి జారడమే కదా మర్యాద. మూళ్ళు ఐదులయ్యాయి, ఐదులు ఎనిమిదులు, ఎనిమిదులు పదమూళ్ళు. ఇరవై నాలుగు ముప్ఫై అయింది, నలభై అయింది, రంజాన్ నాటికి డెబ్బై దాటింది, మొన్నటికి తొంభై ఆరు. ఈద్‌కి కువైట్ వాళ్ళు పెద్ద పెట్టెడు మిఠాయిలు పంపారు, మీ వేగానికి మా అభినందనలు అని పైన రాసి. పిస్తాలు పెట్టినవి ముందు అయిపోయాయి.

ఒక్క మనిషి నవ్వలేదు, అది కూడా గుర్తే. అబూ కరమ్. బల్లకి ఆ చివర, గోడవైపు కూర్చుని ఇప్పుడు కూడా చీటీ మీద ఏదో రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తున్నాడు. యాభై దాటాయి ఆయనకి, ఇరవై ఏళ్ళు ఒక బ్యాంకులో పాత కంప్యూటర్ల మీద పనిచేసి, అక్కడ కొత్తవి వచ్చాక బయటపడి, కొడుకు వయసు పిల్లల పక్కన క్లాసులో కూర్చుని మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకుని వచ్చాడు. కార్డులు తిప్పినప్పుడు అందరికంటే పెద్ద అంకె చూపించినవాళ్ళూ, అందరికంటే చిన్న అంకె చూపించినవాళ్ళూ లేచి ఎందుకో చెప్పాలి, అది నియమం. నెలల తరబడి ఆ చిన్న కార్డు ఆయనదే. ప్రతిసారీ లేచేవాడు, తిట్టకుండా, విసుక్కోకుండా, పక్కింటివాళ్ళకి దారి చెప్పినట్టు చెప్పేవాడు. "రెండే. గడి ఒకటి చేర్చాలి, అందులో రాసింది దాచాలి. మధ్యాహ్నం టీ లోపు అయిపోతుంది. ఇందులో ఎనిమిది ఎక్కడుందో నాకు చూపించండి, నేనూ ఎనిమిదే అంటాను." కుర్రాళ్ళు బల్ల చరిచేవాళ్ళు. అబూ కరమ్, మాకంటే కుర్రాడివైపోయావు నువ్వు, కాస్త ఆగు, మమ్మల్ని కూడా రానీ! ఆయన కూడా చిరునవ్వు నవ్వి కూర్చునేవాడు. మళ్ళీ తిప్పేవాళ్ళు. అందరూ ఎనిమిది, ఆయన రెండు. ఇలా అయితే తెమలదు, మీటింగు పొడుగైపోతుంది, గంటలో ముగించడం ఆమె బాధ్యత. అప్పుడామె అనేది, తనే అనేది, చాలా మర్యాదగా, అబూ కరమ్, జట్టంతా ఒకవైపు ఉంది కదా, మీరేమంటారు? ఈద్ వెళ్ళిన వారంలో ఒకరోజు అందరూ కార్డులు తిప్పారు. ఎనిమిది ఎనిమిదులు. ఆయనది కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కార్డు మీదనుంచి చెయ్యి తీసి ఆమెవైపు చూశాడు. ఆ చూపులో నిందేమీ లేదు, అందరి చెప్పుల పక్కన తన చెప్పులు కూడా విడిచి లోపలికి వచ్చిన మనిషి చూపు. ఆ సాయంత్రం ఆమె తన డైరీలో రాసుకుంది, ఈ రోజు జట్టు ఒక్కమాట మీదికి వచ్చింది అని. కింద గీత కూడా గీసింది. అడ్డం తొలగిపోయిందనుకుంది. ఇంటికెళ్ళే బస్సులో కళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోయింది.

"అక్కా, ఒక చీటీ మీద రెండు సంగతులు రాయొచ్చా?"

లుజైన్. రాసిన పని సరిగా నడుస్తోందా లేదా అని పరీక్షించే పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, రుసైఫా నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఒక చీటీకి ఒక్కటే అంది ఇంతిసార్. "అయితే నాకు ఇంకో నాలుగు కావాలక్కా," అంది లుజైన్. ముథన్నా అందుకున్నాడు. "ఇచ్చెయ్యక్కా, ఆ పిల్ల మన తప్పులు రాయడం మొదలుపెడితే ఆ కట్ట చాలదు." "నీ ఒక్కడి తప్పులకే చాలదు," అని లుజైన్ వాడివైపు చూడకుండానే రాసుకుంటోంది. నవ్వారు. ఇంతిసార్ కూడా నవ్వింది, నవ్వుతూనే లెక్కపెట్టింది, ఈ నవ్వుతున్నవాళ్ళలో ఎవరు ఉంటారు, ఎవరు పోతారు. లుజైన్ కూడా వాళ్ళింట్లో మొదటి పట్టా. ఆ పిల్ల మొదటి జీతం రోజున ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడవడం ఇంతిసార్ చూసింది, ఎందుకేడుస్తున్నావంటే ఏమో అక్కా అంది. నాలుగో పేరు ఆ పిల్లదో, అబూ కరమ్‌దో. ఇద్దరిలో ఒకరిది. మిగతా ముగ్గురి గురించి మంగళవారం రాత్రే మనసు రాయి చేసుకుంది, వాళ్ళు చిన్నవాళ్ళు, గట్టివాళ్ళు, ఇంకోచోట దొరుకుతుంది అని తనకు తను చెప్పుకుంది, దొరకదని తెలిసి కూడా, ఈ వీధిలోనే రెండు కంపెనీలు ఈ ఏడాది బల్లలూ కుర్చీలూ అమ్ముకున్నాయని తెలిసి కూడా.

మంగళవారం. తెర మీద ఇంజినీర్ బదర్ ముఖం ఎంత సంతోషంగా ఉండింది. "మాషా అల్లాహ్! ఇంత వేగం నేనెక్కడా చూళ్ళేదు. తొంభై ఆరు! మిగిలిన పని నూట తొంభై రెండు పాయింట్లేగా? మరి ఇంత వేగం ఉన్నవాళ్ళు ఎనిమిదిమంది ఎందుకమ్మా నాకు? నలుగురితో చేసినా నాలుగు స్ప్రింట్లు, ఎనిమిది వారాలు, సరిగ్గా గడువుకి అయిపోతుంది." లెక్క తప్పు లేదు. అదే ఘోరం, ఎక్కడా తప్పు లేదు. కానీ ఆ నూట తొంభై రెండూ మొదటి నెలలో కొలిచినవి, చెయ్యి జారకముందు. దగ్గరకొచ్చిన పనిని మాత్రమే మళ్ళీ కొలిచి ఉబ్బించారు, దూరాన ఉన్న పనులన్నీ ఆ పాత నిజం అంకెలతో అలాగే పడి ఉన్నాయి. పిండిని పాత రాయితో తూచి, రొట్టెల్ని కొత్త రాయితో తూచి, ఎన్ని రొట్టెలవుతాయో చెప్పమన్నట్టుంది. పాత రాయితో చూస్తే వీళ్ళ వేగం ఇప్పటికీ ఇరవై నాలుగే. ఎనిమిదిమందికి పదహారు వారాల పని. నలుగురికైతే ముప్ఫై రెండు. అంటే పోయే నలుగురు ఎలాగూ పోతారు, ఉండే నలుగురూ ఎనిమిది వారాలు పళ్ళు బిగించి పరిగెత్తి, అందకపోతే వాళ్ళూ పోతారు. ఆమె నోరు తెరిచింది. తెర మూలన తన ముఖం తనకే కనబడింది, నోరు తెరుచుకుని. శుభం అంది.

ఆ వెంటనే ఉస్తాద్ వాయిల్ గదికి పరిగెత్తింది, మెట్ల మీద కాలు కూడా మడతపడింది. అంతా చెప్పింది, పాత రాయి, కొత్త రాయి. ఆయనకు అర్థం కాకపోవడమేమిటి, సగంలోనే అర్థమై చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడు వాళ్ళకి ఇది చెబితే, ఏడాదిగా మీకు లేని గీత చూపించామని చెప్పినట్టు. ఉన్న నలుగురు కూడా ఉండరు. పని మొత్తం లాక్కుంటారు. ఆ గీతల కింద ఎవరి పేరుంది, నాదా?" ఆమె పేరే ఉంది. తయారు చేసినవారు అని, ప్రతి గీత కిందా, శ్రద్ధగా. అయితే నన్ను తీసెయ్యండి, నా బదులు ఒకళ్ళని ఉంచండి అంది. ఆయన జాలిగానే చూశాడు. "వాళ్ళు లెక్కపెట్టింది పని చేసేవాళ్ళని ఇంతిసార్. నువ్వు పని ఎంతవరకు వచ్చిందని అడిగేదానివి. నువ్వు పోయినా ఎవరి కుర్చీ కూడా మిగలదు." తర్వాత తలుపు దాకా వచ్చి చెప్పాడు, జట్టు నీది, నీకే తెలుసు, పేర్లు నువ్వే ఇవ్వు, గురువారం నాలుగింటికి. ఉద్యోగం తీసేసినట్టు ఉత్తరాలు ఐదింటికి అందరూ బస్సుల్లో ఉన్నప్పుడు వెళతాయి. శుక్రవారం, శనివారం సెలవు కాబట్టి ఇంట్లోనే చల్లబడతారు. అప్పటిదాకా మామూలుగా నడిపించు. రెట్రో కూడా మామూలుగానే.

మామూలుగానే ఉంది. ఏసీ నీళ్ళు బకెట్‌లో పడుతున్నాయి. ఒకమ్మాయి చెప్పు సగం విడిచి బొటనవేలితో తిప్పుతోంది. చెప్పేస్తే? ఇప్పుడు, ఈ మార్కర్ మూత పెట్టేసి, అందరూ ఇటు చూడండి అని. చెబితే ఏమవుతుంది? ఏడుస్తారు, అరుస్తారు, నాలుగుంపావుకి మళ్ళీ నలుగురి పేర్లు కావాలి, ఈసారి ఎనిమిదిమంది ఒకరినొకరు చూసుకుంటూ. పైకెళ్ళి కొట్లాడతారు, ఉస్తాద్ వాయిల్ కువైట్ వాళ్ళ మాట చెబుతాడు, కువైట్ వాళ్ళు గీత చూపిస్తారు, గీత కింద ఆమె పేరు. ఎటు నడిచినా ఆ గీత దగ్గరికే వస్తుంది. రాళ్ళు తీసే అమ్మాయి పెట్టిన రాయి. నాన్నా, నేను ఈ రాయిని చేతులారా, నవ్వుతూ, కాక్ తింటూ పెట్టాను. లుజైన్ అయితే చిన్నది, ఎక్కడైనా బతుకుతుంది, కానీ ఆ మెట్ల మీది ఏడుపు. అబూ కరమ్ అయితే ఈ వయసులో మూడోసారి ఎవరు తీసుకుంటారు? పనికి ఎవరు కావాలి? నిజంగా చూస్తే ఆయనే కావాలి, నలుగురితో ముప్ఫై రెండు వారాల పని చెయ్యాలంటే ఏది రెండో ఏది ఎనిమిదో తెలిసిన ఒక్క మనిషైనా ఉండాలి. అది ఆమెకు తెలుసు. జేబులో ఫోన్ కదిలింది. ఉస్తాద్ వాయిల్. ఒక్క ప్రశ్నార్థకం పంపాడు, మాటేమీ లేదు. మూడూ ముప్ఫై ఎనిమిది. అబూ కరమ్ అర్థం చేసుకుంటాడు, అనుకుంది ఆమె. లుజైన్ ముఖం చూసి తను తట్టుకోలేదు, అబూ కరమ్ అయితే తననే ఓదారుస్తాడు, పర్వాలేదు తల్లీ, నీ చేతిలో ఏముంది అంటాడు. అందుకని. ఆయన మంచివాడు కాబట్టి. ఎవరు తనని క్షమిస్తారో వెతికి వెతికి వాళ్ళనే పట్టుకుంది. వెనక్కి తిరిగి, బోర్డు తుడుస్తున్నట్టు నిలబడి, మిగిలేవాళ్ళ పేర్లలో నాలుగోదిగా బొటనవేలితో లుజైన్ అని కొట్టింది. పంపింది. పక్కన చిన్న గుర్తు ఒకటి పడింది, తర్వాత రెండోది, తర్వాత రెండూ నీలం అయ్యాయి. చూశాడు. అంత త్వరగా.

టైమైంది, అంటించండి, అంది. గొంతు మామూలుగానే ఉంది.

లేచారు, కుర్చీలు జరిగాయి, రంగు చీటీలు ఒకదాని మీద ఒకటి బోర్డు ఎక్కాయి. ఆమె వరసగా చదివింది. ఏసీ బాగుచేయించాలి. ముథన్నా తన కప్పు తను కడుక్కోవాలి, అది ముగ్గురు రాశారు. మంగళవారాలు మీటింగులు తగ్గించాలి. కువైట్ వాళ్ళు మెచ్చుకున్నందుకు సంతోషం, ఇంకా పైకి వెళదాం. ఈ జట్టుతో పని చేస్తుంటే ఇంటిలా ఉంది. ఆ చీటీ చదివేటప్పుడు చదివే వేగం కొంచెం పెంచింది. ఎడమ చివరన ఒక చీటీ, చాలాసార్లు కొట్టేసి రాసింది: కార్డుల మీద మళ్ళీ నిజం అంకెలు చూపిద్దాం. మిగిలిన పనంతా ఒకే కొలతతో కొలుద్దాం. ఆమె చదివింది. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు అందరూ తలా మూడు ఎర్ర చుక్కలు తీసుకుని, ఏ చీటీ ముఖ్యమనుకుంటే దానికి అంటించాలి. వచ్చే రెండు వారాల్లో ఆ ఒక్కటి మార్చుకుంటారు, అది పద్ధతి. ఏసీకో కప్పుకో వెళతాయి, ఎప్పుడూ అంతే. కానీ ముథన్నా లేచి మూడూ ఆ చివరి చీటీకే అంటించాడు. తర్వాత ఆ చెప్పు తిప్పే అమ్మాయి. తర్వాత లుజైన్. ఒకరి తర్వాత ఒకరు. ఆమె కిటికీ పట్టుకుని నిలబడింది. వీళ్ళందరికీ తెలుసా, ఇన్నాళ్ళూ అందరికీ తెలుసా, అందరూ ఒకరి కోసం ఒకరు పెంచుకుంటూ పోయారా? రెండు వారాల కిందట ఈ చుక్కలు పడి ఉంటే? ఒక్క మంగళవారం ముందు?

"ఆ చీటీకి మశూచి పోసింది చూడండి," అన్నాడు ముథన్నా, చుక్కల్ని చూస్తూ, గొంతు తగ్గించి. "నిజం చెప్పాలంటే అక్కా, నాకు ఆ తొంభై ఆరు చూసినప్పుడల్లా పళ్ళెం ముందునుంచి లేచిపోవాలనిపిస్తుంది. తిన్నది ఎక్కువైనట్టు."

"మొదలుపెట్టింది నువ్వే కదరా," అంది లుజైన్.

"నేనే. అందుకే ముందు నేను అంటించా."

ఎవరు తీసుకుంటారు అని ఆమె అడగాలి. అడక్కపోతే ఎందుకడగలేదంటారు. ఎవరు తీసుకుంటారు, అంది. మిగిలినవన్నీ ఒక్కొక్కటే తెరిచి మళ్ళీ కొలవడం, అరవై పైగా పనులు, కళ్ళు పోయే పని, తెర మీద ఎక్కడా ఎవరి పేరూ రాదు. పలకొద్దు, ఎవరూ పలకొద్దు, నాలుగవుతోంది, అందరం ఇళ్ళకి పోదాం.

"నేను చేస్తాలే," అన్నాడు అబూ కరమ్. "ఆ చీటీ రాసింది నేనేగా. శనివారం కూడా వస్తాను, ఇంట్లో చేసేదేముంది. లుజైన్, నువ్వు ఒక గంట నా పక్కన కూర్చుంటే చాలమ్మా, నేను చెబుతుంటే రాసిపెట్టు." కూర్చుంటానన్నట్టు లుజైన్ తలూపింది.

బోర్డు మీద రెండు గళ్ళు. ఎవరు. ఎప్పటిలోగా. మొదటి గడిలో అబూ కరమ్ అని రాసింది. చెయ్యి దానంతటదే రాసింది, అలవాటైన చెయ్యి. ఏ తారీఖు వేసుకోమంటావు తల్లీ, రెండు వారాలు సరిపోతాయి కదా అని ఆయన వెనకనుంచి అడిగాడు. సరిపోతాయి అంది. రెండో గడిలో వచ్చే రెండో గురువారం తారీఖు రాసింది. మార్కర్ ఎండిపోయిందో, తను నొక్కలేదో, అంకెలు సన్నగా, గడి మూలకి ఒదిగిపోయినట్టు పడ్డాయి. అబూ కరమ్ కుర్చీలోంచి కాస్త ముందుకి వంగి, కళ్ళు చికిలించాడు.

"అంత చిన్నగా రాస్తే నాకు కనబడదమ్మా. కాస్త పెద్దగా రాయి."

ఆమె అరచేత్తో ఆ తారీఖు తుడిచేసి, గడి నిండా, మళ్ళీ రాసింది.